నిప్పురవ్వలు ఆగేదాకా

బస్సు డ్రైవరు ఇంజను ఇరుసును చంటిపిల్లను మోసుకొచ్చినట్టు రెండు చేతుల మీదా పెట్టుకుని తెచ్చాడు. ఇంకో ఇరుసును చంకలో ఇరికించుకున్నాడు. రెండింటినీ కొలతల బల్ల మీద పక్కపక్కనే పడుకోబెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు.

"ఒకటి మీరు సానబట్టింది. రెండోది కొత్తది. చూసుకోండి."

బల్ల దగ్గర కూర్చున్న ఆమె అప్పుడు మరో బండి ఇరుసును కొలుస్తోంది. గేజి మొన ఆనించి, చేత్తో మెల్లగా తిప్పుతోంది. పని మధ్యలో తలెత్తే అలవాటు ఆమెకు లేదు. ఇరుసు అరచుట్టు తిరిగింది. ముల్లు కదల్లేదు.

"సున్నా," అంది.

సాన మిషన్ దగ్గర్నుంచి ఆమె తమ్ముడు నవ్వాడు. "మా అక్క బడిలో తెచ్చుకున్న సున్నాలన్నీ ఇక్కడ అమ్ముకుంటోందండీ డ్రైవరుగారూ. ఇన్నేళ్ళైనా సరుకు అయిపోలేదు."

ఇంకో రోజైతే డ్రైవరు కూడా ఓ మాట కలిపేవాడే. ఆ రోజు అతని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"నిన్న కొండ మలుపులో బండి లాగలేదు," అన్నాడు. "ఒకటో గేరులో కూడా లాగలేదు. ఎక్కుతూ ఎక్కుతూ ఊపిరాడనట్టు కొట్టుకుని ఆగిపోయింది. ఇంజను ఆగితే బ్రేకు పెడలు బిగుసుకుపోయి, ఎంత తొక్కినా పట్టలేదు. లోపల నిండా జనం. వెనక్కి జారుతుంటే ఎవరో దిగి చక్రం కింద రాయి పెట్టారు. లోయకీ చక్రానికీ మధ్య ఒక మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునే జాగా లేదు."

తమ్ముడు మిషన్ ఆపేశాడు. రాయి తిరుగుతూ తిరుగుతూ నిలిచిపోయింది.

"ఇంజను విప్పి చూస్తే మా మెకానిక్కుకి ఇంకేం తేడా దొరకలేదు. కొత్త ఇరుసు పక్కన పెట్టి చూశాడు. మీదాని ముక్కు పొట్టిగా ఉందన్నాడు."

ఇంజనులో గాలి వచ్చే దారినీ పొగ పోయే దారినీ వేళకు తెరిచి మూసేది ఈ ఇరుసే. క్యామ్‌షాఫ్ట్ అంటారు. దాని పొడుగునా, కోడిగుడ్డును నిలువునా కోస్తే వచ్చే ఆకారంలో బొడిపెలుంటాయి. గుండ్రటి వైపును ఆ షాపులో మడమ అనేవాళ్ళు, మొనదేలిన వైపును ముక్కు. ముక్కు ఎంత లేస్తే తలుపు అంత తెరుచుకుంటుంది. అరిగిన ఇరుసును సానబట్టి మళ్ళీ ఆ ఆకారం తేవడమే వాళ్ళ పని. ఆకారాన్ని ఎవరూ కంటితో చూసి తేలేరు. మిషన్‌కు ఒక చివర ఉక్కుతో చేసిన మాస్టరు బిళ్ళ తిరుగుతుంటుంది. దాన్ని ఆనుకుని ఒక చిన్న చక్రం దొర్లుతుంది. మాస్టరు ఎంత లేస్తే ఇరుసు అంత పక్కకు ఊగి రాయికి తగులుతుంది. తల్లి నడక చూసి పిల్ల నడిచినట్టు.

అందుకే ఆమె ఎప్పుడూ మడమనే కొలిచేది. మడమ గుండ్రంగా వచ్చిందా, ఇరుసు మధ్యలో వంగిందా అన్నది మనిషి చేతిలో ఉంటుంది. ముక్కు ఎత్తు మాస్టరు ఇస్తుంది. "మనిషి అబద్ధమాడతాడు, మాస్టరు ఆడదు," అనేవారు షాపు పెట్టిన ఆమె మామగారు. ఆయన ఆ మాట ఎంతకాలంగా అంటున్నారంటే, ముక్కును కూడా కొలవాలన్న ఆలోచన ఆ షాపులో ఎవరికీ పుట్టలేదు.

"కొలవమ్మా," అన్నారు మామగారు గుమ్మం దగ్గరి స్టూలు మీంచి.

ఆమె భర్త లోపలిగదిలోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు. ఆమె ముందు కొత్త ఇరుసును ఎక్కించింది. మడమ దగ్గర ముల్లును సున్నాకు తెచ్చి, ముక్కు వచ్చేదాకా తిప్పి, ముల్లు ఎక్కడిదాకా వెళ్ళిందో సుద్దతో అద్దం మీద చుక్క పెట్టింది. తర్వాత డ్రైవరు తెచ్చిన పాత ఇరుసు ఎక్కించింది. ముల్లు లేచింది, లేచింది, చుక్క దాకా రాకుండానే వెనక్కి తిరిగిపోయింది.

గేజి బిగింపు వదులైందేమోనని ఆమె మరలు పట్టి చూసింది. రెండో బొడిపెకు జరిపింది. మూడోదానికి జరిపింది. ప్రతిసారీ ముల్లు చుక్కకు ఇవతలే, ఒకే చోట ఆగి వెనుదిరిగింది.

"తక్కువుంది," అంది. "అట్టముక్క మందం."

ఆ మందం చెయ్యికి కూడా తెలుస్తుంది. ఆ పనిలో వెంట్రుక మందం తేడా వస్తేనే మనిషి భోజనం మానేస్తాడు. మామగారు స్టూలు మీంచి లేచొచ్చి, కళ్ళజోడు పైకి తోసి, ముల్లునీ చుక్కనీ చూశారు. తర్వాత తమ్ముడి వైపు చూశారు.

"రవ్వలు ఆగకముందే రాయి తీసేశావు."

ఆ పనిలో అన్నిటికన్నా ఓర్పు కావలసింది అక్కడే. రాయిని ముందుకు తోయడం ఆపాక కూడా ఇరుసు కాసేపు తిరుగుతూనే ఉండాలి. సన్నటి ఇరుసు, రాయి ఒత్తిడికి వంగి కొంత తప్పించుకుంటుంది. ఆ వంగింది మళ్ళీ నిటారయ్యేదాకా రాయి దాన్ని ముట్టుకుంటూ ఉండాలి. రవ్వలు జల్లు నుంచి తుంపరకు, తుంపర నుంచి ఒకటీ అరాకు తగ్గి, ఆరిపోవాలి. ఆగకుండా తీసేస్తే మడమ లావుగా మిగులుతుంది, ముక్కు పొట్టిదవుతుంది.

"ఆగుతానండీ మేస్త్రిగారూ," అన్నాడు తమ్ముడు. "ఆగకుండా ఎప్పుడు తీశాను? రాయే అరిగి చిన్నదైపోయింది. మార్చమని బావతో చెప్తూనే ఉన్నా."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట," అన్నాడు బావ.

"మద్దెల సంగతి కాదు బావా. రాయి చిన్నదైతే ఆకారం మారుతుంది, నీకూ తెలుసు."

"పక్కల్లో మారుతుంది. ముక్కు పొట్టిదవదు. అది నీకూ తెలుసు."

తమ్ముడు ఆమె వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు. రోజంతా ఇక్కడే కూర్చుంటావుగా. నేను రవ్వలు ఆగేదాకా ఆగుతానా, లేదా?"

ఆమె కుర్చీ గోడ వైపు తిరిగి ఉంటుంది. వెలుతురు కిటికీలోంచి బల్ల మీద పడాలని అలా వేసుకుంది. రాయి చప్పుడు సన్నబడటం ఆమె రోజూ వినేది. కానీ ఈ ఇరుసుకు విన్నదా? పూర్తిగా విన్నదా? ఆమె కొలవనిది చెప్పి ఎరగదు.

"నా వీపు కదరా అటు ఉండేది," అంది.

అన్నాక గాని ఆ మాట బరువు ఆమెకు తెలియలేదు. తమ్ముడు ఆమెను చూసిన చూపు, ఎవరో పరాయి మనిషి పొరపాటున తన ఇంటి తలుపు తీస్తే చూసినట్టుంది.

"వీడి చెయ్యి పోయింది," అన్నారు మామగారు, డ్రైవరుకు వినపడేలాగే. కేక వెయ్యలేదు. ఒక పనిముట్టును పక్కన పెట్టేసేవాడు అన్నట్టు అన్నారు. తమ్ముడు నడుముకు కట్టుకున్న పనిగుడ్డ విప్పి, మడతపెట్టి, మిషన్ మీద పెట్టి వెళ్ళిపోయాడు. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయాడు. ఆ తర్వాత కూడా అవి గుమ్మం పక్కనే ఉండిపోయాయి.

*

డ్రైవరు నోటిమాట బస్సు కన్నా వేగంగా పోయింది. బజారు చివర ఇంజన్లు విప్పే షెడ్డులో తమ్ముడు పని అడిగితే, "నువ్వా? రవ్వలు ఆగనివ్వవటగా," అని నవ్వారట. ఇంకోచోట నవ్వకుండానే లేదన్నారట. ఈ సంగతులు ఆమెకు చెప్పింది మరదలు, తమ్ముడి భార్య. నీళ్ళ బిందె పక్కన పెట్టుకుని, గడప దాటి లోపలికి రాకుండా నిలబడి చెప్పింది.

"కూర్చో," అంది ఆమె.

"కూర్చోడానికి రాలేదు వదినా. మీ తమ్ముడు అన్నం ముందు కూర్చుని చేతులు చాపుకుని చూసుకుంటున్నాడు. వణుకుతున్నాయా అని నన్నడుగుతున్నాడు. నేనేం చెప్పను? వణకడంలేదంటే నమ్మడు. అక్కే చెప్పలేకపోయిందంటాడు."

మరదలు బిందె ఎత్తుకుని వెళ్ళిపోయింది. బిందెలోంచి చిందిన నీళ్ళు గడప మీద ఆరేదాకా ఆమె అక్కడే నిలబడిపోయింది.

షాపులో మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. మామగారు మాత్రం రోజూ వచ్చే వేళకే వచ్చి, చెయ్యవలసిన మొదటి పని చేసేవారు. అల్మారా నుంచి మాస్టరు తీసి, ఒళ్ళో పెట్టుకుని, సన్నరకం ఎమెరీ గరుకుకాగితపు పట్టీతో రుద్ది మెరుగు పెట్టేవారు. దొర్లే చక్రం మాస్టరు మీద సన్నటి గీతలు పెడుతుంది. మాస్టరు మీద గీత ఉంటే ప్రతి ఇరుసు మీదా గీత దిగుతుంది. అందుకని గీత కనిపించకుండా రుద్దేవారు. షాపు పెట్టిన కొత్తలో ఆయన స్వయంగా చేసిన మాస్టరు అది. బీరువా అద్దంలో కన్నా దానిలో ముఖం బాగా కనిపించేది. ఎమెరీ కాగితాన్ని వేలెడు వెడల్పు పట్టీలుగా కత్తిరించి, డబ్బాలో పేర్చిపెట్టడం పెళ్ళయి వచ్చినప్పట్నుంచీ ఆమె పని. "మా కోడలు కత్తిరిస్తే అంచు చెదరదు," అని ఆయన నలుగురిలో చెప్పుకునేవారు.

మెరుగు పెట్టాక గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునేవారు. షాపు ముందు రోడ్డు ఎత్తు ఎక్కుతుంది. బళ్ళన్నీ సరిగ్గా అక్కడే గేరు మారుస్తాయి. ఆయన తలెత్తకుండానే, గుంపులో మనవడి గొంతు గుర్తుపట్టినట్టు, "అది మనదే," అనేవారు. చాలావరకు నిజమే అయ్యేది.

మరదలు వచ్చి వెళ్ళిన మర్నాడు ఆయన స్టూలు మీద కూర్చోలేదు. మిషన్ మీది గుడ్డ తీశారు.

"ఇన్నాళ్ళూ పిల్లకాయలకు వదిలేసి కూర్చున్నాను," అన్నారు కొడుకుతో. "ఆ డ్రైవరును పిలు. వాడి ఇరుసు వాడి కళ్ళముందే చేసిస్తాను."

డ్రైవరు వచ్చాడు. అరిగిన మరో ఇరుసు ఎక్కించారు. ఆ పని చూడటానికి ఆమె తన కుర్చీని మొదటిసారి మిషన్ వైపు తిప్పుకుంది.

ఆయన పని నిజంగా చూడదగ్గది. ఇరుసు రెండు చివరల గుంటల్నీ పుల్లకు గుడ్డ చుట్టి తుడిచారు. అక్కడ నలుసున్నా ఇరుసు పక్కకు కూర్చుంటుంది. మధ్యలో వంగకుండా ఆనుడు దిమ్మ బిగించారు. రాయిని వజ్రపు మొనతో గీకి కొత్త చేశారు. సన్నగా, సన్నగా తోశారు. చివర రాయిని తోయడం ఆపి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. జల్లు తుంపరైంది. తుంపర ఒకటీ అరా అయింది. ఆఖరి రవ్వ ఆరిపోయాక కూడా ఆయన కదల్లేదు. డ్రైవరు కాళ్ళు మార్చుకుని నిలబడ్డాడు. ఇరుసు చప్పుడు లేకుండా తిరుగుతూనే ఉంది.

"ఇదీ ఆగడమంటే," అన్నారు.

ఇరుసును ఆయనే తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆమె ఎక్కించింది. సుద్ద చుక్క అద్దం మీద అలాగే ఉంది. ముల్లును సున్నాకు తెచ్చి తిప్పింది.

ముల్లు లేచింది. చుక్క దాకా రాలేదు. తమ్ముడి ఇరుసుకు ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడే ఆగి, వెనుదిరిగింది.

ఆమె మరలు పట్టి చూసి, మళ్ళీ తిప్పింది.

"ఎంత?" అన్నారు మామగారు.

ఆమె భర్త కళ్ళతోనే ఏదో చెప్పబోయాడు. ఆమె అటు చూడలేదు.

"అంతే మామయ్యా," అంది.

"అంతే అంటే?"

"వాడిదెంత తక్కువుందో అంతే."

ఆయన నవ్వబోయారు. ఆమెను లేవమని, తనే కూర్చుని, తనే తిప్పారు. ఒక బొడిపె, ఇంకొకటి, ఇంకొకటి. డ్రైవరు మెడ చాపి చూస్తున్నాడు. ఆయన చివరి బొడిపె దాకా పోలేదు. గేజిని తీసి కింద పెట్టారు. చిల్లు పడ్డ గుడ్డును పెట్టినంత నెమ్మదిగా పెట్టారు. ఎవరి వైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయారు.

"ఇదేంటయ్యా?" అన్నాడు డ్రైవరు, ఎవరినీ కాకుండా.

*

మర్నాడు పొద్దున ఆమె అందరికన్నా ముందే వచ్చింది. అల్మారా వెనక తుడుస్తుండగా మామగారు లోపలికి వచ్చారు. రాత్రంతా నిద్రలేని ముఖం. అయినా చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మాస్టరు ఒళ్ళోకి వచ్చింది. డబ్బాలోంచి పట్టీ వచ్చింది. రెండు నూనె చుక్కలు పడ్డాయి. ఆయన రోడ్డు వైపు చూస్తూ రుద్దడం మొదలుపెట్టారు.

ఎన్నేళ్ళుగానో చూస్తున్న పని అది. కాఫీ కలిపినట్టు, తలుపు గడియ వేసినట్టు, చూసీ చూడని పని. ఆ రోజు ఆమె చూసింది. ఆయన బొటనవేలు మడమ మీద తేలిగ్గా జారిపోతోంది. పక్కల మీదా అంతే. ముక్కు దగ్గరికి వచ్చేసరికి వేలు ఆగి, ఒత్తి, మలుపు తిరుగుతోంది. మళ్ళీ వచ్చి, ఒత్తి, మలుపు తిరుగుతోంది. మూలను తుడిచేవాడి చెయ్యి మూల దగ్గర ఒత్తినట్టు.

రుద్దడం అయ్యాక ఆయన వేలును గుడ్డకు తుడుచుకున్నారు. ఆ గుడ్డలను ఉతికేది ఆమే. వాటి మీది మరకను తుప్పు అనుకునేది. తుప్పు ఎర్రగా ఉంటుంది. ఆ మరక బూడిద రంగులో ఉంది. తడి ఆరితే మెరుస్తుంది. అది ఉక్కు.

ఆమె చేతిలోని చీపురు జారిపోయింది. ఆ చప్పుడుకు ఆయన ఇటు తిరిగారు.

"మామయ్యా, దాన్ని ఒకసారి ఇలా ఇస్తారా?"

ఆయన ఆమె ముఖం చూశారు. ఎందుకని అడగలేదు. రెండు చేతులతో ఇచ్చారు.

మాస్టరును గేజి కిందికి ఎక్కించడం ఆ షాపులో అదే మొదటిసారి. న్యాయమూర్తినే బోనెక్కించినట్టనిపించింది ఆమెకు. మర రెండుసార్లు జారింది. మడమ దగ్గర సున్నా. తిప్పింది. ముల్లు లేచి, అట్టముక్క మందం ఇవతలే, తమ్ముడి ఇరుసుకీ ఆయన ఇరుసుకీ ఆగిన చోటే ఆగి, వెనుదిరిగింది.

వెనక నిలబడి ఆయన చూస్తున్నారు. కాసేపటికి ఆయన కుడిచేతి బొటనవేలును ఎడమచేత్తో పట్టుకుని కిటికీ వెలుతురులో తిప్పి చూసుకున్నారు. వేలికొస చదునైపోయి, గీతలు లేకుండా, మాస్టరులాగే నున్నగా ఉంది.

"తెలియలేదే," అన్నారు. "ఇంత అరిగితే వేలికైనా తెలియాలి కదమ్మా."

"పట్టీలు కత్తిరించింది నేను," అంది ఆమె.

భర్త వచ్చేసరికి వాళ్ళిద్దరూ అలాగే ఉన్నారు. ముల్లునూ మాస్టరునూ చూసి అతను కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. తర్వాత లేచి తలుపు దగ్గరగా వేశాడు.

"సరే. అయిందేదో అయింది. కొత్త మాస్టరు చేయిద్దాం. దీన్ని కొలిమిలో పడేద్దాం. మీ తమ్ముణ్ణి రమ్మను. ‘పోనీలేరా, ఒకసారి పొరపాటైంది, ఇక జాగ్రత్తగా ఉండు’ అంటే సరిపోతుంది. వాడు ఇంట్లోవాడేగా, సర్దుకుపోతాడు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. అతను వేళాకోళమాడటం లేదు.

"పొరపాటు ఎవరిదని చెప్తారు?"

"చెప్పడమెందుకు? నాన్న పేరు మీద నడిచే షాపే ఇది. వాడికి పని కావాలి, పని దొరుకుతుంది. ఇంకేం కావాలి వాడికి?"

"వాడు అన్నం ముందు కూర్చుని చేతులు చూసుకుంటున్నాడండీ."

ఆమె గొంతు పెంచలేదు. అయినా పెళ్ళైనప్పట్నుంచీ వినని గొంతులా ఉండి భర్త తల తిప్పుకున్నాడు. "నాన్నా, మీరైనా చెప్పండి," అన్నాడు.

మామగారు వినడంలేదు. ఆయన చెవి రోడ్డు వైపు ఉంది. బయట ఒక లారీ ఎత్తు ఎక్కుతోంది. గేరు మారింది. ఇంజను ఒక్క క్షణం ఆయాసపడి, గొంతులో కఫం అడ్డుపడ్డట్టు గురగురమని, మళ్ళీ అందుకుంది. ఇన్నాళ్ళూ ఆయన గుర్తుపట్టింది ఆ గురగురనే.

"అది మనదే," అన్నారాయన.

ఇన్నేళ్ళుగా ఆయన స్టూలు మీద కూర్చుని ఎన్ని బళ్ళకు ఆ మాట అన్నారో, అవన్నీ ఒక్కసారిగా ఆమె చెవుల్లో గేరు మార్చాయి. ఎవరు లెక్కపెట్టారు? ఏ కొండ మీద ఎక్కడున్నాయో అవి?

ఆయన తలుపు తోసుకుని బయటికి నడిచారు. కొడుకు వెనకే కదిలాడు గాని, గుమ్మం దగ్గర ఆగిపోయాడు.

గుమ్మం బయట తమ్ముడున్నాడు. చెప్పుల కోసం వచ్చాడు. లోపలికి రావడం ఇష్టంలేక, వంగి వాటిని తీసుకుంటున్నాడు. మామగారు అతని ముందు ఆగారు.

"నీ చెయ్యి కాదురా పోయింది," అన్నారు. "నాది."

అంతే చెప్పి రోడ్డు మధ్యకు వెళ్ళి, లారీకి ఎదురుగా నిలబడి, చెయ్యెత్తారు. తుడిచినా పోని బూడిద రంగు బొటనవేలి గోటి అంచున కనిపిస్తోంది. లారీ కీచుమని ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏంటి పెద్దాయనా, చావాలనుందా?"

"బండి పక్కకు పెట్టు బాబూ. కొండ ఎక్కకు. నీ ఇంజను నేను చెడగొట్టాను."

లారీ డ్రైవరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. తర్వాత షాపు బోర్డు చూశాడు. ఇంజను ఆపేశాడు.

"ఏమైందక్కా?" అన్నాడు తమ్ముడు మెల్లగా. చెప్పులు ఇంకా చేతిలోనే ఉన్నాయి.

"మాస్టరు అరిగిందిరా. నువ్వు ఆగేవాడివే. నేనే... నేను వినేదాన్ని కూడా. చెప్పలేదు."

అంతలో లారీ వెనక, మలుపులోంచి ఇంకో బండి ఎత్తు ఎక్కుతూ గేరు మార్చింది. రోడ్డు మధ్యలో ఉన్న ముసలాయన తల అటు వాలింది.

"అదీ మనదే," అన్నారు. ఆ బండి దాకా నడవడానికి ఆయన కాళ్ళు కదల్లేదు.

తమ్ముడు చెప్పులు కింద పడేసి, కాళ్ళు దూర్చుకుని, రోడ్డు మీదికి దిగాడు. ముసలాయన పక్కనుంచి దాటి వెళ్ళి, వస్తున్న బండికి ఎదురుగా నిలబడి చెయ్యెత్తాడు.

ఆమె గుమ్మంలో నిలబడి, గేజి ముల్లును చూసినట్టు, ఆ చేతినే చూస్తూ ఉండిపోయింది.